చిక్కుడు గింజ: దొప్పలో మొలక, పాదులో తీగ



ఈ రోజు మాట చిక్కుడు గురించి. చిక్కుడు గింజను ముందు ఇంటి దగ్గర దొప్పలో మొలిపించి, ఆ తర్వాత పెరట్లో నాటడం గురించి.

చిక్కుడుకాయ తెలియని ఇల్లు లేదు. సంక్రాంతి నాడు చాలా ఇళ్లలో చిక్కుడుకాయ కూర ఉంటుంది. రథసప్తమి నాడు చిక్కుడుకాయలకు పుల్లలు గుచ్చి చిన్న రథం చేస్తారు. పరమాన్నం వండి, చిక్కుడు ఆకుల మీద పెట్టి సూర్యుడికి నైవేద్యం పెడతారు.

పేర్లు మాత్రం ఒక్కోచోట ఒక్కో రకం. లేత కాయను అందరూ చిక్కుడనే అంటారు. ఎండు గింజను తెలంగాణలో అనుములు అంటారు. చిత్తూరు వైపు అనపగింజలు అంటారు. అక్కడ గింజను నానబెట్టి, పొట్టు పితికి తీసి, కమ్మగా కూర వండుతారు. గోదావరి వైపు ఆనపకాయ అంటే మాత్రం సొరకాయ. అది వేరు, ఇది వేరు.

ఇంతమందికి ఇష్టమైన కూరగాయ ఇది. ఏటా వానాకాలంలో ఎన్నో ఇళ్లలో గింజలు వేస్తారు. మరి వేసిన ప్రతి ఇంట్లో పందిరి నిండుతోందా? నిండడం లేదు. గింజ మంచిదే. నేల మంచిదే. ఎక్కడో మధ్యలో పోతోంది. ఎక్కడ పోతోందో చూద్దాం రండి.

ఇరవై గింజల ఇల్లాలు

ఒక ఇల్లాలు ఉందనుకోండి. ఆమెకు పొలం లేదు. ఇంటి వెనక నాలుగు మంచాలు పట్టేంత పెరడు ఉంది. పుట్టింటికి పోయినప్పుడు తల్లి ఒక చిన్న పొట్లం ఇచ్చింది. అందులో ఇరవై చిక్కుడు గింజలు ఉన్నాయి. ఆ కాయ వెడల్పుగా ఉంటుంది. పీచు తక్కువ. కూర మెత్తగా ఉడుకుతుంది. ఆ రకం అంగట్లో దొరకదు. ఆమె తల్లి దగ్గర కూడా ఇక గింజ లేదు. ఉన్నవి ఆ ఇరవయ్యే.

వాన పడింది. పెరట్లో నాలుగు గుంతలు తవ్వింది. గుంతకు ఐదు చొప్పున ఇరవై గింజలూ ఒకేసారి వేసిందనుకోండి. అప్పుడేమవుతుంది?

మూడు రోజులు ముసురు పడుతుంది. గుంతల్లో నీళ్లు నిలుస్తాయి. నీళ్లలో మునిగిన గింజకు గాలి ఆడదు. ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, కుళ్లిపోతుంది.

కుళ్లకుండా మిగిలిన గింజలను చీమలు పడతాయి. కోళ్లు గీరి ఏరుకుంటాయి. ఉడుత తవ్వుకుపోతుంది. ఎలాగో రెండు మొలకలు పైకి వస్తే, వాకిట్లోకి వచ్చిన మేకపిల్ల కొరికేస్తుంది.

పది రోజుల తర్వాత ఇల్లాలు పోయి చూస్తుంది. గుంతలో ఏమీ ఉండదు. చేతిలో పొట్లం ఖాళీ. పుట్టింటి గింజ ఆ ఏటితో ఆఖరు.

అంగట్లో చిక్కుడు గింజలు దొరుకుతాయి. కొనుక్కోవచ్చు. కానీ ఆమె తల్లి ఇచ్చిన రకం మళ్లీ రాదు. అందుకే ముందుగా ఒక్క మాట గట్టిగా గుర్తు పెట్టుకోవాలి.

చేతిలో ఉన్న గింజలన్నీ ఒకే రోజు మట్టిలో పెట్టకూడదు.

సగం వేయాలి. సగం దాచాలి. వేసిన సగాన్ని కళ్లముందు, చేతికందే చోట మొలిపించాలి. మొలక గట్టిపడ్డాక పెరట్లోకి పంపాలి.

అత్త అడిగే ప్రశ్న

ఇంట్లో అత్తగారు అడగవచ్చు. "మా రోజుల్లో గుంత తీసి గింజ వేసేవాళ్లం. బంగారంలా కాసేది. ఈ దొప్పలూ తిప్పలూ ఎందుకమ్మా?"

ఆమె అడిగిందాంట్లో తప్పు లేదు. గింజలు దోసెడు ఉంటే, పెరటికి దడి ఉంటే, వాన సమంగా పడితే, నేరుగా పాదులో వేయడమే సులువు. చిక్కుడు అలా కూడా బాగా మొలుస్తుంది.

కానీ గింజలు కొంచెమే ఉన్నప్పుడు అలా కుదరదు. పెరటికి దడి లేనప్పుడు కుదరదు. నల్లరేగడి నేలలో నీళ్లు నిలిచేటప్పుడు కుదరదు. అప్పుడే దొప్ప అవసరం.

ఇది కొత్త విద్య కాదు. చలి దేశాల్లో పెద్ద చిక్కుడు అనే రకం ఒకటి ఉంది. దాన్ని కూడా చాలామంది ఇంటి లోపల కాగితపు గొట్టాల్లో మొలిపించి, తర్వాత తోటలో నాటుతారు. వాళ్లకు చలితో, ఎలుకలతో బాధ. ఇక్కడ ముసురుతో, కోళ్లతో బాధ. ఉపాయం మాత్రం ఒకటే.

అదను ఎందుకు దాటకూడదు?

చిక్కుడులో ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి పొట్టి చిక్కుడు. దీనికి పందిరి అక్కరలేదు. రెండోది పందిరి చిక్కుడు. ఇది తీగ సాగి పందిరి ఎక్కుతుంది. ఇప్పుడు చెప్పుకునేది ఈ పందిరి చిక్కుడు గురించే.

పందిరి చిక్కుడుకు ఒక గుణం ఉంది. పగలు పొడుగ్గా ఉన్నన్నాళ్లూ అది ఆకు వేస్తుంది, తీగ సాగుతుంది. పువ్వు పెద్దగా పూయదు. పగలు తగ్గి, రాత్రి పెరిగే రోజులు రావాలి. అప్పుడు పూత మొదలవుతుంది. కార్తీక మాసం దగ్గర పడేసరికి పూత కనిపిస్తుంది. పుష్యం, మాఘం నెలల్లో కాయ బాగా వస్తుంది.

అంటే ఏమిటి? పూత వేళకు తీగ పెద్దదై ఉండాలి. పందిరంతా పాకి ఉండాలి. అప్పుడే కాయ దండిగా ఉంటుంది. ఆలస్యంగా వేస్తే తీగ చిన్నగా ఉండగానే పూత వచ్చేస్తుంది. కొమ్మలు తక్కువ, కాయలు తక్కువ.

అందుకే ఆషాఢం, శ్రావణం నెలల్లో, అంటే జూలై, ఆగస్టు నెలల్లో గింజ వేయాలి. ఆ నెలల్లోనే ముసురు కూడా ఎక్కువ. అదను దాటకూడదు, గింజ కుళ్లకూడదు. ఈ రెండూ కుదరాలంటే దొప్పే దారి.

ముందు గింజను పరీక్షించాలి

ఆ ఇల్లాలు ఇప్పుడు ఇలా చేస్తుంది.

ఇరవై గింజలను చాటలో పోసుకుంటుంది. పుచ్చులు ఉన్నాయా, చిల్లులు ఉన్నాయా చూస్తుంది. ముడతలు పడ్డవి, విరిగినవి పక్కన పెడుతుంది. మంచివి పది ఎంచుతుంది. మిగతా పది మళ్లీ పొట్లం కట్టి దాచేస్తుంది. అవి ఈ రోజు మట్టి చూడవు.

ఎంచిన పది గింజలను తడిగుడ్డలో వరసగా పేరుస్తుంది. గుడ్డను వదులుగా చుడుతుంది. నీడలో ఒక మూకుడులో పెడుతుంది. పొద్దునా సాయంత్రం గుడ్డ మీద నీళ్లు చిలకరిస్తుంది. గుడ్డ తడిగా ఉండాలి, నీళ్లు కారకూడదు.

గింజలను నీళ్లలో రోజులకొద్దీ నానబెట్టకండి. పొట్టు పగిలి, గింజ పులిసి కుళ్లిపోతుంది.

రోజూ గుడ్డ విప్పి చూడాలి. మూడు నాలుగు రోజుల్లో తెల్లటి వేరు తొంగి చూస్తుంది. ఐదారు రోజులు చూసి లెక్క పెట్టాలి.

పదికి ఎనిమిది, తొమ్మిది మొలిస్తే మంచి గింజ.

పదికి ఐదో ఆరో మొలిస్తే గింజ కాస్త పాతది. ఇంకొన్ని ఎక్కువ వేసుకోవాలి.

పదికి రెండో మూడో మొలిస్తే గింజలో బలం పోయింది. ఇరుగుపొరుగును అడిగి వేరే గింజ తెచ్చుకోవడం మంచిది.

ఈ పరీక్షలో గింజ వృథా కాదు. మొలిచిన గింజనే దొప్పలో పెట్టుకోవచ్చు. వేరు బియ్యపు గింజంత ఉన్నప్పుడే పెట్టాలి. పొడుగు పెరిగితే చెయ్యి తగిలి విరిగిపోతుంది.

ఇల్లాలి గుడ్డలో పదికి ఎనిమిది మొలిచాయి అనుకుందాం. మంచి గింజే.

దొప్ప ఎలా ఉండాలి?

చిక్కుడు వేరు తిన్నగా కిందికి పోతుంది. తొందరగా పోతుంది. అందుకే దొప్పకు వెడల్పు కన్నా లోతు ముఖ్యం. కనీసం బెత్తెడు లోతు ఉండాలి.

డబ్బు పెట్టి కొనేది ఏమీ లేదు.

మోదుగ ఆకులు ఉంటే లోతైన దొప్పలు కుట్టుకోవచ్చు. పుల్లతో గట్టిగా కుట్టాలి. తడికి నాలుగు వారాలు ఆగకపోయినా ఫరవాలేదు. మూడు వారాలు ఆగితే చాలు.

పాత వార్తాపత్రిక ఉంటే ఇంకా సులువు. ఒక గ్లాసు తీసుకోండి. దాని చుట్టూ కాగితాన్ని రెండు మూడు చుట్లు చుట్టండి. అడుగున కాగితాన్ని లోపలికి మడవండి. గ్లాసు లాగేయండి. కాగితపు దొప్ప తయారు. చుట్టే ముందు ఆ కాగితం ఒకసారి చదవండి. అందులో మీకు పనికొచ్చే మాట ఏదైనా ఉండవచ్చు.

పాల కవర్లు కూడా పనికొస్తాయి. కడిగి, పైన కత్తిరించి, అడుగున నాలుగైదు చిల్లులు పెట్టాలి. నాటేటప్పుడు కవరు చీల్చి తీసేయాలి. అది మట్టిలో కలవదు.

కొబ్బరి చిప్ప చాలామందికి అలవాటు. కానీ చిక్కుడుకు అది అంత మంచిది కాదు. లోతు తక్కువ. వేరు లోపల చుట్టుకుపోతుంది.

ఏ దొప్పయినా సరే, అడుగున నీరు పోయే దారి ఉండాలి.

దొప్పలో మట్టి

రెండు పాళ్లు మెత్తని మట్టి. ఒక పాలు ఇసుక. ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు. మూడూ కలిపి, రాళ్లు ఏరేయాలి.

పచ్చి పేడ వేయకూడదు. పచ్చి పేడ మగ్గేటప్పుడు వేడి పుడుతుంది. లేత వేరు మాడుతుంది. చివికిన ఎరువు చేతిలో పొడిపొడిగా ఉంటుంది. వాసన రాదు. అదీ గుర్తు.

దొప్పను పైదాకా నింపకుండా వేలెడు ఖాళీ ఉంచాలి. మట్టిని మరీ గట్టిగా అదమకూడదు.

గింజ ఎలా పెట్టాలి?

చిక్కుడు గింజ అంచున తెల్లటి గీత ఉంటుంది. వేరు ఆ పక్క నుంచే వస్తుంది. గింజను పక్కవాటుగా గానీ, తెల్ల గీత కిందికి ఉండేలా గానీ పెట్టాలి. మొలిచిన గింజ అయితే వేరు కిందికి ఉండాలి.

అంగుళం లోతు చాలు. లోతు ఎక్కువైతే మొలక పైకి రావడానికి కష్టపడుతుంది. లోతు తక్కువైతే గింజ ఎండుతుంది.

మొలకెత్తిన గింజ అయితే దొప్పకు ఒకటి. మొలకెత్తని గింజ అయితే దొప్పకు రెండు. రెండూ వస్తే, బలహీనమైన మొక్కను మొదట్లో కత్తిరించాలి. పీకకూడదు. పీకితే రెండో మొక్క వేరు కూడా కదులుతుంది.

ఇల్లాలు ఎనిమిది దొప్పలు పెట్టింది. ఒక పాత తట్టలో వరసగా సర్దింది. తట్టను అరుగు మీద చూరు కింద పెట్టింది.

అరుగు మీద రెండు మూడు వారాలు

చూరు కింద ఎందుకు? వాన నేరుగా పడదు. వెలుతురు మాత్రం వస్తుంది. పొద్దుటి ఎండ కాసేపు తగులుతుంది.

కొందరు జాగ్రత్త అనుకుని ఇంటి లోపల చీకట్లో పెడతారు. అది తప్పు. వెలుతురు లేకపోతే మొలక తెల్లగా, సన్నగా, పొడుగ్గా సాగుతుంది. కాడలో బలం ఉండదు. గాలికే పడిపోతుంది.

నీళ్లు ఎంత పోయాలి? వేలు మట్టిలో గుచ్చి చూడండి. తడి తగిలితే పోయవద్దు. పొడిగా ఉంటే చేత్తో చిలకరించండి. నీళ్లు తక్కువై చచ్చే మొలకల కన్నా, ప్రేమతో ఎక్కువ పోస్తే చచ్చే మొలకలే ఎక్కువ.

రాత్రిళ్లు ఎలుకలు వస్తాయి. తట్ట మీద గంప బోర్లించి, పైన రాయి పెట్టండి. పొద్దున్నే గంప తీసేయండి.

మట్టిలో పెట్టిన వారం రోజుల్లో మట్టి పగులుతుంది. ముందుగా వంగిన మెడ కనిపిస్తుంది. తర్వాత రెండు పప్పుబద్దలతో మొలక తల ఎత్తుతుంది. పొట్టు అంటుకుని ఉంటే పిల్లలు లాగబోతారు. లాగనివ్వకండి. అదే ఊడిపోతుంది. పప్పుబద్దల్లో ఉన్న బలమే మొలకకు మొదటి తిండి. పసిబిడ్డకు తల్లిపాలు ఎలాగో, మొలకకు ఆ బద్దలు అలాగ.

తర్వాత రెండు ఆకులు విప్పుకుంటాయి. ఆ తర్వాత మూడేసి రెక్కల ఆకులు వస్తాయి. అలాంటి ఆకులు ఒకటి రెండు వచ్చాయంటే మొక్క పెరటికి పోవడానికి సిద్ధమైందన్నమాట. అందుకు రెండు నుంచి మూడు వారాలు పడుతుంది. అంతకు మించి దొప్పలో ఉంచకూడదు. వేరు దొప్పలో చుట్టుకుపోతుంది. తీగలు ఒకదాన్నొకటి పెనవేసుకుంటాయి.

ఎండకు అలవాటు చేయాలి

అరుగు నీడలో పెరిగిన మొక్క ఇది. ఒక్కసారిగా ఎండలో పెడితే ఆకు వాడుతుంది, మాడుతుంది. నాటే ముందు ఐదారు రోజులు అలవాటు చేయాలి.

మొదటి రోజు పొద్దుటి ఎండలో గంటసేపు. మర్నాడు రెండు గంటలు. అలా పెంచుకుంటూ పోవాలి. గాలి తగలనివ్వాలి. సాయంత్రం మళ్లీ అరుగు మీద పెట్టాలి. ఆఖరి రెండు రోజులు రాత్రి కూడా బయటే ఉంచవచ్చు. గంప బోర్లించడం మరవకూడదు.

ఇల్లాలి ఎనిమిది మొక్కల్లో ఒకటి ఎదగలేదు. ఒకదాన్ని పురుగు కొరికింది. ఆరు గట్టిగా ఉన్నాయి. మూడు పాదులకు ఆరు మొక్కలు సరిపోతాయి.

పాదు తీయడం, నాటడం

పాదు ముందే తీసి ఉంచాలి. పొడుగు, వెడల్పు, లోతు మూరెడు ఉండాలి. పాదుకూ పాదుకూ మధ్య కనీసం ఆరడుగులు ఉండాలి. తవ్విన మట్టిలో తట్టెడు చివికిన ఎరువు కలిపి గుంత నింపాలి. నేల కన్నా బెత్తెడు ఎత్తు ఉండేలా చేయాలి. అప్పుడు వాన నీరు నిలవదు.

సాయంత్రం పూట నాటాలి. మబ్బు రోజయితే ఇంకా మంచిది. రాత్రి చల్లదనానికి మొక్క తేరుకుంటుంది.

ఇక్కడ అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఉంది. వంకాయ, టమాట నారు పీకి నాటితే బతుకుతుంది. చిక్కుడు, బీర, సొర, గుమ్మడి అలా కాదు. వాటి వేరు కదిలితే ఊరుకోవు. మొక్కను పీకకూడదు. మట్టి గడ్డ చెదరకూడదు. దొప్పలోని మట్టితో సహా పాదులో దించాలి.

ఆకు దొప్ప, కాగితపు దొప్ప అయితే అడుగు చించి అలాగే పెట్టేయవచ్చు. కాగితం అంచు మట్టి పైకి కనబడకూడదు. కనబడితే తడి లాగేసుకుంటుంది. పాల కవరు అయితే పక్కన కోసి మెల్లగా తీయాలి.

దొప్పలో ఎంత లోతున ఉందో పాదులోనూ అంతే లోతు ఉండాలి. చుట్టూ మట్టి చేత్తో అదిమి నీళ్లు పోయాలి. పక్కన ఒక కర్ర పాతాలి. చుట్టూ కంప కట్టాలి. కంప కట్టని పాదు మేకకు పెట్టిన భోజనమే.

పెరడు లేని వాళ్లు ఏం చేయాలి? పాత గోనెసంచిలోనో, పగిలిన తొట్టిలోనో మట్టి నింపి రెండు మొక్కలు పెట్టుకోవచ్చు. తాడు కట్టి తీగను ఇంటి కప్పు మీదికి ఎక్కించవచ్చు. పందిరి దాకా పోలేని వాళ్లకు పొట్టి చిక్కుడు ఉండనే ఉంది.

పాదు నిలిచాక

చిక్కుడు వేరు మీద చిన్న చిన్న బుడిపెలు ఉంటాయి. అది తెగులు కాదు. ఆ బుడిపెల్లో కంటికి కనబడని సూక్ష్మజీవులు ఉంటాయి. గాలిలో ఉన్న నత్రజనిని అవి మొక్కకు తిండిగా మారుస్తాయి. అందుకే చిక్కుడుకు యూరియా మోపులు అక్కరలేదు. ఎక్కువ వేస్తే ఆకు గుబురుగా వస్తుంది, పూత తగ్గుతుంది.

లేత కొసలకు నల్లటి పేనుబంక పడుతుంది. చిక్కుడుకు ఇది పెద్ద బెడద. మొదట్లోనే చూసుకోవాలి. పట్టిన కొస తుంచి దూరంగా పారేయాలి. లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట చల్లాలి. కాయ కోసే ముందు చల్లితే, బాగా కడిగి వండాలి.

తిండిలో చిక్కుడు

లేత కాయలో పీచు ఉంది. ఎండు గింజలో మాంసకృత్తులు దండిగా ఉన్నాయి. 100 గ్రాముల ఎండు గింజల్లో సుమారు 20 నుంచి 25 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. కందిపప్పుకు ఏమాత్రం తీసిపోదు. ఇంట్లో అందరికీ వడ్డించి, ఆఖరున అడుగూబొడుగూ తినే ఇల్లాలికి ఈ కూర ఎంతో అవసరం. పందిరి నిండా కాస్తే ఆమె పళ్లెంలోకి కూడా కూర వస్తుంది.

ఒక జాగ్రత్త. ఎండు చిక్కుడు గింజలను పచ్చిగా తినకూడదు. పిల్లలను నమలనివ్వకూడదు. వాటిలో కొంత చెడు గుణం ఉంటుంది. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మెత్తగా ఉడికించి తినాలి. ఉడికిస్తే ఆ గుణం పోతుంది. నానబెట్టడం కూరకే. విత్తనానికి కాదు.

గింజ దాచడం

తీగ మంచి కాపు మీద ఉన్నప్పుడే విత్తనం ఆలోచించాలి. చాలామంది బాగున్న కాయలన్నీ కోసి వండుతారు. ఆఖరున మిగిలిన వంకర కాయలు విత్తనానికి వదులుతారు. అలా చేస్తే ఏటేటా రకం దిగజారుతుంది.

తెగులు లేని తీగను ఎంచాలి. నిండుగా, తిన్నగా ఉన్న పది పదిహేను కాయలు కోయకుండా వదలాలి. వాటికి రంగు దారమో, గుడ్డపీలికో కట్టాలి. అప్పుడు పొరపాటున కూడా ఎవరూ కోయరు. కాయ తీగ మీదే ఎండి గలగలలాడాలి. అప్పుడు కోసి, గింజ ఒలిచి, మళ్లీ నాలుగు రోజులు ఆరబెట్టాలి.

కొత్త కుండలో అడుగున బూడిద, ఎండిన వేపాకు వేయాలి. గింజలు వేయాలి. పైన మళ్లీ బూడిద, వేపాకు వేయాలి. మూత పెట్టి, పేడమట్టితో మెత్తాలి. పుచ్చు పురుగు చేరదు. కొంచెమే ఉంటే సీసాలో దాచుకోవచ్చు. గింజ బాగా ఎండి ఉండాలి.

చిక్కుడు పువ్వులో చాలావరకు తన పుప్పొడే తనకు అందుతుంది. అందుకే నాటు రకం గింజ వేస్తే చాలావరకు అదే రకం కాయ వస్తుంది. హైబ్రిడ్ గింజ అలా రాదు. దాన్ని దాచి వేస్తే కాయ ఒక్కోటి ఒక్కో తీరుగా ఉంటుంది.

ఇప్పుడు మీ అక్షరం పనిచేయాలి. పొట్లం మీద మీ చేత్తో రాయండి. గింజ పేరు, కాయ తీరు, గింజ తీసిన నెల, సంవత్సరం. ఇలా:

పందిరి చిక్కుడు. వెడల్పు కాయ. అమ్మ ఇచ్చినది. మాఘం, 2025.

నాలుగు ముక్కలే. కానీ వచ్చే ఆషాఢంలో ఏ పొట్లం ఏదో వెతుక్కునే పని ఉండదు. ఏది పాతదో ఏది కొత్తదో తెలుస్తుంది. రేపు మీ కూతురు ఆ పొట్లం విప్పినా చదువుకుంటుంది.

గింజ మీద ఆడవాళ్ల హక్కు

సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ ప్రాంతంలో పేద ఆడవాళ్లు సంఘాలు పెట్టుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది దళిత మహిళలు. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వాళ్లకు తోడుగా ఉంది. జొన్నలు, కొర్రలు, కందులు, అనుములు, ఇలా ఎన్నో పాత పంటల గింజలను వాళ్లు బుట్టల్లో, కుండల్లో కాపాడారు. అవసరమైన వాళ్లకు పంచారు. 2019లో ఆ సంఘాలకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. వాళ్లు చేసిన పని ఏమిటి? గింజను ఎంచారు, ఎండబెట్టారు, దాచారు, పంచారు. ఏ ఇల్లాలైనా చేయగల పనే.

చట్టం కూడా ఉంది. 2001లో పంటల రకాల రక్షణ, రైతుల హక్కుల చట్టం వచ్చింది. తన పొలంలో పండిన గింజను రైతు దాచుకోవచ్చు, మళ్లీ వేసుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. కంపెనీ పేరు వేసి అమ్మడం మాత్రం కుదరదు.

దాచిన పది గింజలు

ఇరవై గింజల్లో పది ఇంకా పొట్లంలో ఉన్నాయి. గుర్తుందా? ఆరు మొక్కలు పాదుల్లో నిలిచాయి. ఇప్పుడు ఆ పదిని ఏం చేయాలి?

పాదులు వేసిన రెండు వారాలకు ఒకసారి చూడాలి. మొక్కలు చచ్చిపోయి ఉంటే, దాచిన వాటిలో ఐదు తీసి మళ్లీ దొప్పల్లో పెట్టాలి. శ్రావణం దాటకపోతే ఇంకా అదను ఉన్నట్టే. మొక్కలు బాగుంటే పది గింజలనూ అలాగే ఉంచాలి. తీగ కాసి, కొత్త గింజ ఎండి చేతికి వచ్చేదాకా వాటిని కదపకూడదు.

కొత్త గింజ వచ్చాక మాత్రం ఒక పని చేయాలి. ఐదు గింజలు పొరుగింటి అక్కకు ఇవ్వాలి. ఐదు గింజలు తల్లికి తిరిగి పంపాలి. ఒక ఏడు వానకు మీ పాదు పోయినా, ఇంకో ఇంట్లో ఆ గింజ బతికి ఉంటుంది. అడిగితే తిరిగి వస్తుంది. ఒక్క ఇంట్లో ఉన్న గింజ ఒక్క ముసురుకే పోతుంది. పది ఇళ్లలో ఉన్న గింజ అంత తొందరగా పోదు.

ఆషాఢం వచ్చేలోపు పొట్లాలు వెతకండి. గింజలు లెక్క పెట్టండి. పది ఎంచి తడిగుడ్డలో చుట్టండి. మిగతావి దాచండి. దొప్పలు కుట్టండి.

పని రేపే మొదలుపెట్టవచ్చు.